గాజుగిన్నెకి లాలపోసిన ఇల్లు

పొన్నలంకలో అన్నిటికంటే తెలివైన ఇల్లు ఏదని అడిగితే ఊళ్ళో ఎవరూ సమాధానం చెప్పరు, నవ్వుతారు. గవరయ్య ఇంట్లో అడిగితే మాత్రం నలుగురూ ఒకేసారి చెబుతారు: "ఇదేనండి."

నలుగురంటే గవరయ్య, అతని భార్య మాణిక్యం, కొడుకు చిట్టబ్బు, గవరయ్య అక్క పుల్లమ్మ. గవరయ్యది కొబ్బరికాయల వ్యాపారం. ఇంటి వెనక కాయల రాశి, ఇంటి ముందు పీచు గుట్ట, మధ్యలో ఈ నలుగురి తెలివి.

ఆ తెలివికి ఒకటే సూత్రం. దాన్ని గవరయ్య అరుగు మీద కూర్చుని, దారినపోయేవాళ్ళకి అడగకుండానే చెబుతుంటాడు.

"లోకంలో గొడవలన్నీ ఎందుకొస్తున్నాయంటారు? చెప్పింది సగం విని, మిగతా సగం ఊహించుకోవడం వల్ల. మా ఇంట్లో ఊహించడం అనేది లేదండి. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఒక మాట ఎక్కువుండదు, ఒక మాట తక్కువుండదు."

ఈ సూత్రం వల్ల ఆ ఇంటికి కలిగిన లాభం ఏమిటంటే, ముప్పై దాటినా చిట్టబ్బుకి పెళ్ళి కాలేదు. కుర్రాడు ఎర్రగా, పొడుగ్గా ఉంటాడు. నోరు మూసుకుని ఉన్నంతసేపూ ఏ లోపమూ కనిపించదు. సంబంధాలు వచ్చేవి, పోయేవి. అంతకుముందు ఏడాది ఒకచోట అంతా కుదిరింది. పిల్ల తండ్రి ఆనందం పట్టలేక, "మొహమాటపడకండి బావగారూ, ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. గవరయ్య అలాగే అనుకున్నాడు. అనుకుని, తిరిగి వస్తూ వస్తూ ఆ ఇంటి ముందుగదిని ఒక టైలరుకి అద్దెకిచ్చాడు. మర్నాడు పొద్దున్నే టైలరు కుట్టుమిషనుతో దిగాడు. అంతే. ఆ సంబంధం అక్కడితో సరి.

"ఇచ్చిన మాట మీద నిలబడలేని మనుషులు," అని తేల్చాడు గవరయ్య. మిగతా ముగ్గురూ తలలూపారు.

అలాంటి ఇంటికి ఇందుమతి సంబంధం వచ్చింది.

ఇందుమతిది అమలాపురం. ఇంట్లోనే కేకులూ పుడ్డింగులూ చేసి అమ్ముతుంది. తండ్రి లేడు. తల్లి సుభద్రమ్మ, మేనమామ విశ్వేశ్వరం గారు, అంతే ఆమె పెద్దలు. పెళ్ళిచూపులకి ఈ నలుగురూ వెళ్ళారు. ఎవరూ వాళ్ళని ఏదీ చెయ్యమనలేదు కాబట్టి ఏ ప్రమాదమూ జరగలేదు. చిట్టబ్బు నచ్చాడు. వచ్చేటప్పుడు ఇందుమతి పెద్ద గాజుగిన్నెలో కోవా పుడ్డింగు పెట్టి మాణిక్యం చేతికిచ్చింది. ఓవెన్‌లో పెట్టే దళసరి గిన్నె, రెండు వైపులా పట్టుకోడానికి చెవులు.

"ఇంటికెళ్ళి తినండి. తినేముందు వేడి చేసుకోండి అత్తయ్యగారూ, చల్లగా ఉంటే రుచుండదు. గిన్నెని నేరుగా మంట మీద పెట్టకండి. పెనం మీద పెట్టి, సన్నసెగన వేడిచెయ్యండి."

సుభద్రమ్మ ఇంకో మాట కలిపింది. ఆవిడ మాట కత్తిపీటంత పదునుగా ఉంటుంది.

"మా పిల్లకి అన్నం పెట్టేవి ఈ గిన్నెలే. ఆదివారం సాయంత్రం నేనే వచ్చి పట్టుకెళ్తాను. ఇచ్చిన గిన్నెని ఎలా తిరిగిస్తారో చూశాకే ముహూర్తం మాట. గిన్నెని చూసుకోలేనివాళ్ళు పిల్లనేం చూసుకుంటారు?"

"ఆయ్, అలాగేనండి," అన్నాడు గవరయ్య. వచ్చే దారంతా, ఇంత సులువైన పరీక్ష పెట్టిందేమిటా అని ఆవిడ మీద జాలిపడ్డాడు.

శనివారం మధ్యాహ్నం పుడ్డింగు తినడానికి కూర్చున్నారు. మాణిక్యం పెనం పెట్టి, సన్నసెగన వేడిచేసి, తలా ఒక చెంచా పెట్టింది. బ్రహ్మాండంగా ఉంది. చిట్టబ్బు రెండో చెంచాకి చెయ్యి చాపాడు. గవరయ్య వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా. పిల్ల ఏం చెప్పింది?"

"తినేముందు వేడి చేసుకోమంది."

"ఇప్పుడు నువ్వు చేసే పనేంటి?"

"తినబోతన్నాను."

"తినబోతున్నావంటే తినేముందే కదా? మరి వేడేది?"

"ఇందాక చేశాం కదా నాన్నా?"

"అది మొదటి చెంచాకి. రెండో చెంచా తినడం తినడం కాదా?"

పుల్లమ్మ మెచ్చుకోలుగా మెటికలు విరిచింది. "మా తమ్ముడి బుర్రే బుర్ర! వేరే ఇంట్లో అయితే చల్లటిది మింగేసి ఊరుకునేవాళ్ళు."

ఇంకేముంది! చెంచా చెంచాకీ గిన్నె పొయ్యెక్కింది, దిగింది. మాణిక్యం పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. తినేకొద్దీ పుడ్డింగు తరిగింది, తరిగేకొద్దీ అంటుకుంది, అంటుకున్నది మాడింది. ఇల్లంతా పొగ. ఆఖరి చెంచా చిట్టబ్బు నోట్లో కరకరలాడింది.

"ఇదేంట్రా, అప్పడమా?" అంది పుల్లమ్మ.

"వేడిగానే ఉందత్తా," అన్నాడు చిట్టబ్బు తృప్తిగా.

గిన్నె లోపల చూస్తే అడుగూ గోడలూ నల్లగా, తారు పూసినట్టు ఉన్నాయి. మర్నాడు సాయంత్రం సుభద్రమ్మ వస్తుంది. గిన్నె ఇలా ఉంటే చిట్టబ్బు పెళ్ళి మళ్ళీ గంగలో కలిసినట్టే.

ఆదివారం పొద్దున్నే మాణిక్యం ఇందుమతికే ఫోన్ చేసింది. స్పీకరు పెట్టి, నలుగురూ ఫోన్ చుట్టూ కూర్చున్నారు, ఒక్క మాట కూడా జారిపోకుండా.

ఇందుమతి కోప్పడలేదు. నవ్వింది. "మాడితే ఏమైందండీ, గాజుకి పట్టిన మాడు పోతుంది. కంగారుపడకండి. గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పొయ్యండి, రెండు చెంచాల వంటసోడా వెయ్యండి. మధ్యాహ్నం దాకా అలాగే నాననివ్వండి. తర్వాత మెత్తటి గుడ్డతో రుద్దితే ఊడొచ్చేస్తుంది. గీకడం మాత్రం చెయ్యొద్దు. కొబ్బరిపీచునీ బూడిదనీ దాని దగ్గరికి రానివ్వకండి, గీతలు పడతాయి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, పసిబిడ్డని చూసినట్టు చూసుకోండి."

"ఆయ్," అన్నారు నలుగురూ.

ఆ పిల్ల చెప్పినట్టు చేసి ఉంటే మధ్యాహ్నానికి గిన్నె అద్దంలా ఉండేది. కానీ చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళకి ఆ పిల్ల చెప్పింది.

మాణిక్యం గిన్నెలో నీళ్ళు పోసి, వంటసోడా వేసి, పెనం మీద పెట్టింది. ఇప్పుడు నీళ్ళు గోరువెచ్చగా అయ్యాయో లేదో చూడాలి.

"వేలు పెట్టి చూస్తాను," అంది.

"వేలా?" అన్నాడు గవరయ్య. "వేలువెచ్చగా అందా, గోరువెచ్చగా అందా? గోరు పెట్టి చూడాలి."

చిట్టబ్బు చిటికెనవేలి గోరు పొడుగ్గా పెంచుకున్నాడు. దాని కొస మాత్రం నీళ్ళకి తాకించాడు. కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించాడు.

"ఏం తెలియట్లేదు నాన్నా."

"అయితే ఇంకా వెచ్చబడలేదన్నమాట. సెగ పెంచవే."

సెగ పెంచింది. మళ్ళీ గోరు తాకించాడు. మళ్ళీ ఏమీ తెలియలేదు. నీళ్ళు కుతకుత ఉడుకుతున్నాయి. గోరుకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

"వీడి గోరు మొద్దుబారిందేమో, నాది పెట్టి చూడనా?" అంది పుల్లమ్మ. పెట్టింది. ఆవిడ గోరుకీ తెలియలేదు. అంతే. నీళ్ళు ఉడికి ఉడికి, ఇగిరి ఇగిరి, చివరికి గిన్నెలో చుక్క లేకుండా పోయాయి. నల్లటి మాడు మీద తెల్లటి సోడా పొర ఒకటి కొత్తగా పట్టింది.

గవరయ్య వంగి చూశాడు. "నలుపు తగ్గింది."

"తెల్లగా కూడా అయింది," అంది మాణిక్యం.

"పిల్ల మాట వింటే ఇలాగే ఉంటుంది," అన్నాడు. గిన్నెని చల్లార్చడానికి అరుగు మీద పెట్టించాడు.

ఇంతలో అతనికి రెండో ఆజ్ఞ గుర్తొచ్చింది. కొబ్బరిపీచునీ బూడిదనీ దగ్గరికి రానివ్వకూడదు. అరుగుకి ఎదురుగానే, మనిషెత్తున పీచు గుట్ట ఉంది.

"చిట్టబ్బూ! కర్ర తీసుకో."

"ఎందుకు నాన్నా?"

"ఆ గుట్ట ముందు నిలబడు. గిన్నె దగ్గరికి రాబోతే అడ్డం కొట్టు."

"గిన్నెనే లోపల పెడితే పోదా?" అంది మాణిక్యం, పొరపాటున.

గవరయ్య ఆమెని జాలిగా చూశాడు. "గిన్నెని లోపల పెట్టమని చెప్పిందా పిల్ల? పీచుని రానివ్వద్దంది. ఊహించకు."

చిట్టబ్బు కర్ర పట్టుకుని గుట్ట ముందు నిలబడ్డాడు. ఎండ మాడ్చేస్తోంది. వాడు రెప్ప వెయ్యలేదు. గుట్ట కదల్లేదు. తన కాపలా వల్లే అది కదలలేదని వాడి నమ్మకం. వాడి తండ్రి నమ్మకమూ అదే.

సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. విశ్వేశ్వరం గారు దిగారు. సాయంత్రం చెల్లెలు వచ్చేలోగా ముహూర్తాల సంగతి మాట్లాడి ఉంచుదామని పెద్దమనిషిగా ముందే వచ్చారు. ఆయన పరమ శివభక్తుడు. నుదుటి మీద, భుజాల మీద, మోచేతుల మీద, రొమ్ము మీద మూడేసి విభూతి రేఖలు. చేతిలో పిలకున్న కొబ్బరికాయ.

చిట్టబ్బు కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగండి బాబాయిగారూ. ఒంటి మీద ఏంటది?"

"విభూతి బాబూ."

"విభూతంటే దేంతో చేస్తారు?"

పిల్లాడికి భక్తి ఉందనుకుని ఆయన సంతోషపడ్డారు. "ఆవుపేడ పిడకలు కాల్చి, ఆ బూడిదని పల్చటి గుడ్డలో జల్లించి..."

"నాన్నా! బూడిద వచ్చేసింది!"

గవరయ్య పరుగున వచ్చాడు. "చేతిలో ఏంటండీ?"

"కొబ్బరికాయ. మంచిమాట అనుకుంటే దేవుడి దగ్గర కొడదామని."

"దాని నెత్తిన?"

"పీచు. పిలక లేకుండా కాయ ఎలా కొడతారయ్యా? కొబ్బరికాయల వ్యాపారం చేసేవాడివి, నీకు తెలీదా?"

"రెండూ కలిసే వచ్చాయిరా! కర్ర వదలకు!" అని కేకేశాడు గవరయ్య. తర్వాత మర్యాద గుర్తొచ్చి చేతులు జోడించాడు. "మీరంటే మాకు చాలా గౌరవమండి. మీ ఒంటిమీది బూడిదతోనే పేచీ. చెరువులో ఓ మునుగు మునిగి, ఆ కాయ అక్కడే పారేసి రండి, కాళ్ళు కడిగి లోపలికి తీసుకెళ్తాం."

విశ్వేశ్వరం గారి మొహం ఎర్రబడింది. "విభూతి కడుక్కుని మీ గుమ్మం ఎక్కాలా? మా తాతల కాలం నుంచీ మా నుదుటి మీద ఉందయ్యా ఇది!"

"అంత పాత బూడిదా!" అంది అరుగు మీద నుంచి పుల్లమ్మ. "అయితే అసలు రానివ్వకండి. పాతది ఇంకా గరుగ్గా ఉంటుంది."

చిట్టబ్బు కర్ర ఇంకొంచెం ముందుకు జరిపాడు. ఆయన వచ్చిన ఆటోలోనే వెనక్కి తిరిగారు. సందు మలుపు తిరిగేదాకా ఆయన తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి.

"ముహూర్తం పెట్టాల్సింది ఆయనే కదండీ?" అంది మాణిక్యం, ఏడుపు గొంతుతో.

"ముహూర్తం ఇవాళ పోతే రేపొస్తుంది. గిన్నె మీద గీత పడితే పోతుందా?"

ఇక మిగిలింది ఆఖరి మాట. పసిబిడ్డని చూసినట్టు చూసుకోవాలి. ఇది పుల్లమ్మ పని. ఆ వీధిలో పుట్టిన పిల్లలందరికీ లాలపోసిన చెయ్యి ఆవిడది. చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు చాచి కూర్చుంది.

"తీసుకురండి బిడ్డని."

గిన్నెని తెచ్చి ఆవిడ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టారు.

"ఏమే మాణిక్యం, దీనికి కాళ్ళేవి?"

"చెవులున్నాయిగా వదినా, రెండు వైపులా."

"చెవులున్నాయిలే. చెప్పిన మాట వింటుంది," అంది పుల్లమ్మ. ఒళ్ళంతా ఆముదం పట్టించింది. శనగపిండితో నలుగుపెట్టింది. ముక్కు తీర్చడానికి ముక్కు కనపడక, ఒక మూల పట్టుకుని సాగదీసింది. వెల్లకిలా తిప్పి పొట్ట రుద్దింది. చెంబులతో వేణ్ణీళ్ళు పోసింది. "ఏడుపు లేదు, పేచీ లేదు, బంగారు తల్లి," అని మురిసింది.

వాళ్ళ ఖర్మకి ఒక మంచి జరిగింది. సోడా నీళ్ళలో అంతసేపు ఉడికిన మాడు అప్పటికే వదులై ఉంది. పుల్లమ్మ అరచేతి కింద అది పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఆఖరి చెంబు పోసేసరికి గిన్నె తళతళలాడింది. ఇటు పక్క నుంచి చూస్తే అటు పక్క జామచెట్టు ఆకులు కనిపిస్తున్నాయి.

"వదినా! తెల్లగా వచ్చేసింది!" అని మాణిక్యం గంతేసింది.

అక్కడితో ఆగితే వాళ్ళు ఆ ఇంటి మనుషులు ఎందుకవుతారు?

"సంబరపడింది చాల్లే," అంది పుల్లమ్మ. "లాలపోశాక సాంబ్రాణి పొగ వెయ్యకపోతే బిడ్డకి పడిశం పట్టదూ? నిప్పులు తీసుకురా."

చిట్టబ్బు అడ్డం వచ్చాడు. "నిప్పుల కింద బూడిద ఉంటుందత్తా. దగ్గరికి రానివ్వద్దన్నారు."

ఇది చిక్కు ప్రశ్న. నలుగురూ నిలబడి ఆలోచించారు. బిడ్డ మాట ముందా, బూడిద మాట ముందా? చివరికి గవరయ్య తీర్పు చెప్పాడు.

"బూడిదని గిన్నె దగ్గరికి రానివ్వద్దన్నారు. గిన్నెనే బూడిద దగ్గరికి పట్టుకెళ్ళండి. అది తప్పు కాదు."

ఇంకేముంది! కుంపటి మీద సాంబ్రాణి గుప్పెడు చల్లారు. పైన బుట్ట బోర్లించారు. బుట్ట మీద గిన్నె బోర్లించారు. పొగ సరిగ్గా రావడం లేదని గవరయ్య రెండు కొబ్బరిచిప్పలు కూడా వేశాడు. నల్లటి పొగ దట్టంగా లేచింది. బిడ్డకి బాగా పట్టాలని చాలాసేపు ఉంచారు. తీసి చూస్తే గిన్నె మసిగుడ్డలా ఉంది.

మాణిక్యం నెత్తీనోరూ బాదుకుంది. "అయ్యో, మళ్ళీ మాడిందండీ!"

"మాడడం కాదే, కమిలింది. పసి ఒళ్ళు కదా, ఎండకి కమిలిందంతే," అంది పుల్లమ్మ. నల్లటి గిన్నెకి దిష్టి తగలకుండా ఒక పక్కన ఇంత కాటుక చుక్క పెట్టింది. అది ఎక్కడ పెట్టిందో ఆవిడకే మళ్ళీ కనపడలేదు. మెత్తటి పంచెలో చుట్టి, ఊలు టోపీ పెట్టి, వసారాలో చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టి, జోల పాడుతూ ఊపడం మొదలుపెట్టింది.

సాయంత్రం సుభద్రమ్మ వచ్చింది. అన్నగారు చెప్పిందంతా విని, నిప్పుల్లా వచ్చింది. వెనక ఇందుమతి. విశ్వేశ్వరం గారు మాత్రం ఆటో దిగలేదు.

"మా అన్నయ్యకి కర్ర చూపించారటేం? ఏదీ, నా గిన్నె ఏదీ?" అంటూ మెట్లెక్కింది సుభద్రమ్మ.

పుల్లమ్మ మూతి మీద వేలేసుకుంది. "ష్! ఇప్పుడే కన్నంటింది."

"ఎవరికి?"

"మీ బిడ్డకేనండి."

"నా బిడ్డ ఇదిగో, నా పక్కనుంది!"

"ఇది చిన్నది," అంది పుల్లమ్మ.

సుభద్రమ్మ ఉయ్యాలలోకి తొంగిచూసింది. పంచె విప్పింది. టోపీ తీసింది. చిట్టబ్బు మొహం పాలిపోయింది. ఆవిడ నోటి నుంచి రాబోయే మాట మీదే వాడి పెళ్ళి వేలాడుతోంది. అది మాత్రం వాడికి కూడా అర్థమైంది.

ముందు నవ్వింది ఇందుమతి. నవ్వి నవ్వి స్తంభం పట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, తడిగుడ్డ అడిగి, గిన్నెని రెండుసార్లు తుడిచింది. మసి అంతా గుడ్డకి వచ్చింది. గిన్నె మెరిసింది.

"అమ్మా, ఇలా చూడు. మాడు లేదు. ఒక్క గీత లేదు."

సుభద్రమ్మ గిన్నెని వెలుగుకెత్తి నాలుగు వైపులా తిప్పింది. నిజంగానే గీత లేదు. ఇదివరకు గిన్నెలు తీసుకెళ్ళినవాళ్ళందరూ పీచుతో తోమి గరుకు చేసి తిరిగిచ్చినవాళ్ళే. ఆవిడ కోపం సగం దిగింది.

"మావయ్యని ఎందుకు ఆపారు?" అని చిట్టబ్బునే అడిగింది ఇందుమతి.

"మీరే కదండీ బూడిదనీ పీచునీ రానివ్వద్దన్నారు."

ఆమె తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఎంత చెప్పినా వినని మొగుళ్ళని ఎందర్ని చూడలేదు మనం? చెప్పింది చెప్పినట్టు చేసేవాడు దొరికితే నాకేం నష్టం లేదు. ఏం చెప్పాలో నేను చూసుకుని చెబుతాను."

తెలివైన పిల్ల. అయినా ఒక సంగతి మరిచిపోయింది. ఆ ఇంట్లో మాట చెప్పేది తనొక్కతే కాదు.

విశ్వేశ్వరం గారిని బతిమాలి ఆటోలోంచి దింపారు. గిన్నె సొంతదార్ల చేతికి వెళ్ళిపోయింది కాబట్టి బూడిదతో ఇక పేచీ లేదని గవరయ్య ప్రకటించాడు. చిట్టబ్బు కర్ర గోడకి చేరేశాడు. ఆయన గొణుగుతూనే కాయ కొట్టారు. వచ్చే నెల్లో లగ్నం ఉందన్నారు. మాణిక్యం ఆనందంతో కళ్ళొత్తుకుంది. సుభద్రమ్మ గిన్నెని అరుగు మీద పెట్టి, కూతురి చెయ్యి పట్టుకొచ్చి మాణిక్యం చేతిలో పెట్టింది. అలాంటప్పుడు తల్లులు అనే మాటే అంది.

"ఒక్కతే కూతురు. ఆ గిన్నెని ఎలా చూసుకున్నారో దీన్నీ అలాగే చూసుకోండి. అంతకంటే నేను కోరేదేం లేదు."

అంతే.

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పించుకోవలసిన అవసరం లేకుండా ఎవరి పనికి వాళ్ళు పరిగెత్తారు. చిట్టబ్బు గోడకి చేరేసిన కర్ర తీసి విశ్వేశ్వరం గారి రొమ్ముకి అడ్డం పెట్టాడు. "దూరం జరగండి బాబాయిగారూ. పిల్ల దగ్గరికి బూడిద రాకూడదు." గవరయ్య వంటసోడా డబ్బా పట్టుకుని, మూత తీస్తూ వచ్చాడు. పుల్లమ్మ అరుగు మీద పీట వేసుకుని కాళ్ళు చాచింది.

"రావే తల్లీ, బోర్లా పడుకో. చిట్టబ్బూ, ఆముదం!"

ఇందుమతి వెనకడుగు వేసింది. "ఏంటండీ ఇది?"

అప్పుడు వంటింట్లోంచి మాణిక్యం కేక వినిపించింది.

"వరస తప్పకండి! ముందు పెనం! పెద్ద పెనం ఎక్కడ పెట్టేరు? భయపడకమ్మా ఇందూ, సన్నసెగే!"

ఇంకేముంది! ఇందుమతి ఒక్క దూకున మెట్లు దిగింది. ఆమె వెనక సుభద్రమ్మ, ఆవిడ వెనక విశ్వేశ్వరం గారు. ఆటోవాడు ఏం జరిగిందని అడగలేదు, వాళ్ళ మొహాలు చూసి బండి తీశాడు. గవరయ్య అరుగు మీది గిన్నె పట్టుకుని వెంటపడ్డాడు.

"అమ్మా! మీ గిన్నె! గిన్నె మరిచిపోయారు!"

"మీరే ఉంచుకోండి!" అని అరిచింది ఇందుమతి ఆటోలోంచి. "మీరే పెంచుకోండి దాన్ని!"

గవరయ్య ఆగిపోయాడు. దుమ్ము సర్దుకున్నాక ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఉంచుకుని పెంచమన్నారు."

అయితే అలాగే, అన్నారు మిగతా ముగ్గురూ. గిన్నె మళ్ళీ ఉయ్యాలెక్కింది.

ఆ తర్వాత చాన్నాళ్ళకి, రావులపాలెం వైపు నుంచి ఒక పెద్దమనిషి భార్యతో సహా చిట్టబ్బుని చూడ్డానికి వచ్చాడు. కూతురికి సంబంధం కోసం. కాఫీలు ఇచ్చారు. మాటలు సాఫీగా సాగుతున్నాయి. లోపలి వసారాలో పుల్లమ్మ ఉయ్యాల ఊపుతూ జోల పాడుతోంది. సాంబ్రాణి వాసన వస్తోంది.

"ఇంట్లో పసిబిడ్డ ఉందా అండీ?" అని అడిగింది పెద్దమనిషి భార్య, ముచ్చటగా.

"ఉందండి," అంది మాణిక్యం.

"మీ అమ్మాయి కూతురా?"

"మాకు అమ్మాయిల్లేరండి. మావాడొక్కడే."

ఆవిడ కాఫీ గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది. "మరి ఎవరి బిడ్డ?"

ఊహించి చెప్పడం ఆ ఇంట్లో లేదు కదా. మాణిక్యం ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ఇందుమతని, అమలాపురం పిల్లదండి. మావాడికి మాట్లాడుకున్నాం. అంతా అయిపోయిందనుకునేలోగా, దీన్ని ఇక్కడ వదిలేసి, మీరే పెంచుకోండని అరిచి ఆటో ఎక్కి వెళ్ళిపోయింది."

"మళ్ళీ రాలేదా?"

"తొంగి కూడా చూడలేదండి. అప్పటి నుంచీ మా చిట్టబ్బే చూసుకుంటున్నాడు, సొంత బిడ్డలా. లాలకి నీళ్ళు కూడా వాడే కాస్తాడు."

చిట్టబ్బు సిగ్గుపడుతూ తల వంచుకున్నాడు.

దంపతులిద్దరూ కాఫీ గ్లాసులు కింద పెట్టారు. చెప్పులు కాళ్ళలో సరిగా దూర్చుకోకుండానే వీధిలో పడ్డారు. గవరయ్య అరుగు మీదికొచ్చి, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి కూర్చున్నాడు.

"పోతే పోనివ్వండి," అన్నాడు. "పసిపిల్లలంటే గిట్టనివాళ్ళతో మనకి సంబంధమేంటి?"

ముగ్గురూ తలలూపారు. పుల్లమ్మ ఉయ్యాలలోకి చెయ్యి పెట్టి చూసి, "ఒరే చిట్టబ్బూ, బిడ్డ ఒళ్ళు చల్లగా ఉందిరా, పెనం పెట్టు," అంది.